ట్రాన్స్‌ఫార్మరు ఓవర్‌లోడు - చల్లబడే వ్యవధి

ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివేవాళ్ళకు ట్రాన్స్‌ఫార్మరు కొత్త కాదు. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే దానికి ఆధారమనీ, 1885లో బుడాపెస్టులో గాంజ్ కర్మాగారానికి చెందిన డెరి, బ్లాతీ, జిపర్నోవ్‌స్కీ అనే ముగ్గురు ఇంజనీర్లు దానికి ఇప్పటి రూపం తెచ్చారనీ అందరం చదువుకున్నాం. ఈక్వివలెంట్ సర్క్యూటు గీయమంటే కళ్ళు మూసుకుని గీస్తాం. ఓపెన్ సర్క్యూట్ టెస్టు, షార్ట్ సర్క్యూట్ టెస్టు లాబొరేటరీలో చేసి రికార్డు మీద సంతకాలు కూడా పెట్టించుకున్నాం. కాని "ఈ 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు మీద 130 కె.వి.ఎ. లోడు వెయ్యొచ్చా?" అని ఎవరైనా అడిగితే ఒకరు "వెయ్యకూడదు" అంటారు, ఇంకొకరు "కొంచెంసేపైతే ఫరవాలేదు" అంటారు. కొంచెంసేపు అంటే ఎంతసేపు? వేసిన తర్వాత ఎంతసేపు దానికి తెరిపి ఇవ్వాలి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను ఈ కళాశాలలోనే ఎలక్ట్రికల్ చదివి, తర్వాత విద్యుత్ పంపిణీ పని మీద కొన్నేళ్ళు పల్లెలు తిరిగాను. అక్కడ నన్ను ఈ ప్రశ్న అడిగింది ఇంజనీర్లు కాదు, రైతులు. వాళ్ళ ప్రశ్న ఇలా ఉంటుంది: "సారూ, ఇన్నాళ్ళూ ఇదే లోడు మోసింది గదా, ఇయ్యాల ఎందుకు కాలింది?" చాలా మంచి ప్రశ్న ఇది. దీనికి జవాబు నేమ్‌ప్లేటు మీద ఉండదు. నేమ్‌ప్లేటు మీద ఉన్న అంకె ఒక్కటే; ట్రాన్స్‌ఫార్మరు మోయగల బరువు మాత్రం ఆ రోజు ఎండను బట్టి, అంతకు ముందు అది మోసిన లోడును బట్టి, మోస్తున్న గంటలను బట్టి మారుతుంది.

వేడి ఎక్కడ పుడుతుంది?

ట్రాన్స్‌ఫార్మరులో వేడి పుట్టే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి కోరు. ఇక్కడి నష్టాన్ని ఇనుప నష్టం అంటాం. లోడు ఉన్నా లేకపోయినా సరఫరా ఉన్నంతసేపూ ఇది దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. రెండోది వైండింగులు. ఇక్కడి నష్టాన్ని రాగి నష్టం అంటాం. చుట్టింది అల్యూమినియం తీగ అయినా పేరు అదే. ఇది కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అసలు చిక్కంతా ఈ "వర్గం" అన్న మాటలోనే ఉంది.

మన పల్లెల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్న 11 కె.వి./433 వోల్టుల 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరును తీసుకుందాం. పాత డిజైన్లలో దాని ఇనుప నష్టం 260 వాట్లు, పూర్తి లోడు మీద రాగి నష్టం 1760 వాట్లు. (తర్వాత వచ్చిన స్టార్ రేటింగు రకాల్లో ఇవి ఇంకా తక్కువ.) పూర్తి లోడు అంటే ఎల్.టి. వైపు 133 ఆంపియర్లు. అప్పుడు మొత్తం వేడి 2020 వాట్లు.

సగం లోడు వేస్తే రాగి నష్టం సగం కాదు, నాలుగోవంతు అవుతుంది. అంటే 440 వాట్లు. ఇనుప నష్టం కలిపితే 700. అదే 130 శాతం లోడు వేస్తే 1.3 వర్గం 1.69 కనుక రాగి నష్టం సుమారు 2970 వాట్లు, మొత్తం 3230. లోడు పెంచింది 30 శాతమే, వేడి పెరిగింది 60 శాతం. 150 శాతం వేస్తే వేడి రెట్టింపు దాటిపోతుంది. "కొంచెమే గదా ఎక్కువ" అనుకునేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూసుకోవాలి.

రెండు గడియారాలు

పుట్టిన వేడి బయటికి పోయే దారి నూనె. వైండింగు దగ్గర వేడెక్కిన నూనె తేలికై పైకి లేస్తుంది. టాంకు పక్కన ఉన్న గొట్టాలలోకో, రేడియేటర్లలోకో పోయి, గాలికి వేడి ఇచ్చేసి, బరువై కిందికి దిగుతుంది. పంపు లేదు, ఫాను లేదు, దానంతటదే తిరుగుతుంది. సబ్‌స్టేషన్లలోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు ఫానులు పెట్టుకునే వీలుంది. పొలం గట్టున దిమ్మె మీద ఉన్నదానికి ఉన్న ఆధారం గాలి ఒక్కటే.

ఇక్కడ విద్యార్థులు బాగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ట్రాన్స్‌ఫార్మరులో రెండు గడియారాలు నడుస్తాయి. లోడు పెరగగానే వైండింగు తన చుట్టూ ఉన్న నూనె కంటే ఎంత వేడిగా ఉండాలో ఆ తేడాకు పావుగంటలోపలే చేరుతుంది. నూనె మాత్రం అలా కాదు. అంత నూనె, అంత ఇనుము వేడెక్కాలంటే గంటలు పడుతుంది. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ వారి లోడింగ్ గైడులో పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లకు ఇచ్చిన కాలస్థిరాంకాలు, అంటే మనం క్లాసులో టైం కాన్‌స్టంట్ అని చెప్పుకునేవి, ఇలా ఉన్నాయి: వైండింగుకు 4 నిమిషాలు, నూనెకు 180 నిమిషాలు. మన దేశంలోనూ ఈ విషయం మీద ఐ.ఎస్. 6600 అనే ప్రమాణం 1972లోనే వచ్చింది.

ఇంట్లో చూసే వస్తువులతో చెప్పాలంటే వైండింగు పెనం లాంటిది, నూనె స్నానాల కాగు లాంటిది. పెనం ఇట్టే కాలుతుంది, ఇట్టే చల్లారుతుంది. కాగులో నీళ్ళు కాగడానికీ చాలాసేపు పడుతుంది. పొయ్యి ఆర్పినా వేడి ఒక పట్టాన పోదు.

కాలస్థిరాంకం 3 గంటలంటే 3 గంటల్లో చివరి ఉష్ణోగ్రతకు చేరుతుందని కాదు. చేరవలసిన దూరంలో 63 శాతం చేరుతుందని అర్థం. 6 గంటలకు 86 శాతం, 9 గంటలకు 95 శాతం. చల్లబడేటప్పుడు కూడా ఇదే లెక్క.

ఒకే లోడు, మూడు ఫలితాలు

ఇక లెక్కకు వద్దాం. మన 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరుకు పూర్తి లోడు మీద పైభాగంలోని నూనె బయటి గాలి కంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనీ, వైండింగులో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు, అంటే హాట్‌స్పాట్, ఆ నూనె కంటే ఇంకో 20 డిగ్రీలు ఎక్కువనీ ఉదాహరణకు అనుకుందాం. ఎండాకాలం, బయట 40 డిగ్రీలు. లోడింగ్ గైడులోని సూత్రం ప్రకారం ఎంత లోడు మీద నూనె చివరికి ఎంత పెరుగుతుందో లెక్కిస్తే సగం లోడుకు 21 డిగ్రీలు, పూర్తి లోడుకు 50, 130 శాతానికి 73 వస్తాయి. 130 శాతం లోడు మీద హాట్‌స్పాట్ నూనె కంటే సుమారు 30 డిగ్రీలు పైన ఉంటుంది.

మొదటి సందర్భం: రాత్రంతా సగం లోడు మీద ఉండి నూనె చల్లగా ఉంది. తర్వాత 2 గంటలు 130 శాతం లోడు వేశాం. నూనె పెరుగుదల 21 నుంచి 47కు చేరుతుంది. హాట్‌స్పాట్ 40, 47, 30 కలిపి 117 డిగ్రీలు.

రెండో సందర్భం: అంతకు ముందు పూర్తి లోడు మీద గంటల తరబడి నడిచింది. ఆ తర్వాత అదే 130 శాతం, అదే 2 గంటలు. నూనె పెరుగుదల 50 నుంచి 61కి పోతుంది. హాట్‌స్పాట్ 131.

మూడో సందర్భం: తెరిపి లేకుండా రోజంతా 130 శాతం. నూనె పెరుగుదల 73. హాట్‌స్పాట్ 143.

లోడు ఒకటే, ఎండ ఒకటే, ట్రాన్స్‌ఫార్మరు ఒకటే. ఫలితాలు మాత్రం 117, 131, 143. గైడు ప్రకారం పంపిణీ ట్రాన్స్‌ఫార్మరులో రోజువారీ హెచ్చుతగ్గుల లోడుకు హాట్‌స్పాట్ హద్దు 120. అత్యవసర పరిస్థితుల్లో హద్దు 140. అది దాటితే కాగితంలో ఉన్న తేమ ఆవిరై నూనెలో బుడగలు పుట్టే ప్రమాదం ఉంది. బుడగ పుట్టినచోట ఇన్సులేషను బలం తగ్గిపోతుంది. అప్పుడు ట్రాన్స్‌ఫార్మరు నిమిషాల మీద పోవచ్చు. "ఇన్నాళ్ళూ మోసింది గదా" అన్న రైతు ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది. ఇన్నాళ్ళూ అది మోసింది మొదటి సందర్భంలో. కాలిన రోజున మోసింది మూడో సందర్భంలో.

అరగంట ఆపితే చాలదా?

"వేడెక్కింది, అరగంట ఆపి మళ్ళీ వేద్దాం" అనడం పల్లెల్లో మామూలు. రెండు గడియారాల సంగతి తెలిస్తే ఇందులో ఎంత మోసం ఉందో తెలుస్తుంది.

మూడో సందర్భంలో ఉన్న ట్రాన్స్‌ఫార్మరును సగం లోడుకు తగ్గించి అరగంట ఉంచామనుకుందాం. వైండింగు వెంటనే తేరుకుంటుంది. హాట్‌స్పాట్ 143 నుంచి 112కు దిగుతుంది. కాని నూనె పెరుగుదల 73 నుంచి 65కు మాత్రమే దిగింది. మళ్ళీ 130 శాతం వెయ్యగానే పావుగంటలో హాట్‌స్పాట్ 135 దాకా ఎక్కి కూర్చుంటుంది. అరగంట విశ్రాంతి వల్ల దక్కింది ఆ 8 డిగ్రీలే.

నిజంగా చల్లబడాలంటే ఎంతసేపు కావాలి? సగం లోడు మీద ఉంచితే గంటకు నూనె పెరుగుదల 58కి, 3 గంటలకు 40కి, 6 గంటలకు 28కి వస్తుంది. అంటే పెద్ద ఓవర్‌లోడు తర్వాత కనీసం 5, 6 గంటల తేలిక లోడు ఉంటే తప్ప మళ్ళీ మొదటి సందర్భంలోని చల్లదనం రాదు. పైగా నూనె చల్లబడేకొద్దీ చిక్కబడి నెమ్మదిగా తిరుగుతుంది కనుక, వాస్తవంలో చివరి భాగం ఈ లెక్క కంటే ఇంకా ఆలస్యమే అవుతుంది. బయటి గాలి చల్లగా ఉండే రాత్రివేళ ఈ పనికి అన్నిటికంటే మేలు.

కాగితం ఖాతా

వైండింగు తీగకు చుట్టి ఉండేది కాగితం. సెల్యులోజుతో తయారైన మామూలు కాగితమే. అది కొత్తగా ఉన్నప్పుడు అందులోని ఒక్కొక్క గొలుసుకు సుమారు 1000 గ్లూకోజు కడియాలుంటాయి. వేడికి ఆ గొలుసులు తెగుతూ పోతాయి. కడియాలు సగటున 200కు దిగాయంటే కాగితం పెళుసై అప్పడంలా విరుగుతుంది. అప్పుడు చిన్న షార్ట్ సర్క్యూటు కుదుపు చాలు, ట్రాన్స్‌ఫార్మరు పని అయిపోతుంది.

ఉష్ణోగ్రతకూ కాగితం ఆయుష్షుకూ ఉన్న సంబంధాన్ని 1930లో మాంట్‌సింగర్ అనే అమెరికన్ ఇంజనీరు వివరించాడు. ఇప్పటి గైడులో మామూలు కాగితానికి ఉన్న నియమం ఇది: హాట్‌స్పాట్ 98 డిగ్రీల వద్ద ఉంటే గంటకు గంట వయస్సు. ఆ పైన ప్రతి 6 డిగ్రీలకూ వృద్ధాప్యం వేగం రెట్టింపు. 104కు రెండు రెట్లు, 110కి నాలుగు రెట్లు. మన మొదటి సందర్భంలోని 117కు సుమారు 9 రెట్లు. రెండో సందర్భంలోని 131కి 45 రెట్లు. మూడో సందర్భంలోని 143కు 180 రెట్లు. అంటే అక్కడ ఒక్క గంట నడిస్తే వారం రోజుల ఆయుష్షు పోయినట్లు.

తగ్గేటప్పుడూ ఇదే నియమం. రాత్రి 28 డిగ్రీల గాలిలో సగం లోడు మీద ఉంటే హాట్‌స్పాట్ 56 డిగ్రీలే. 12 గంటలు అలా నడిచినా కాగితానికి పట్టే వయస్సు 6 నిమిషాలకు మించదు. ఓవర్‌లోడు వెయ్యవచ్చునని ప్రమాణాలే ఒప్పుకోవడానికి కారణం ఇదే. రెండు గంటల ఎక్కువ ఖర్చును మిగతా గంటల పొదుపు పూడుస్తుంది.

అయితే ఇక్కడ ఒక భేదం గమనించాలి. నూనెకు ఇచ్చిన వేడి అప్పు లాంటిది. తెరిపి ఇస్తే తీరిపోతుంది. కాగితంలో తెగిన గొలుసులు మాత్రం ఎంత చల్లబరిచినా మళ్ళీ అతుక్కోవు. చల్లబడే వ్యవధి ఇకముందు జరిగే ఖర్చును తగ్గిస్తుందే గాని, అయిన ఖర్చును తిరిగి ఇవ్వదు. రైతు ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇది. ఇన్నాళ్ళూ మోస్తున్నప్పుడే దాని ఆయుష్షు లోపల్లోపల కరిగిపోతూ వచ్చింది. మనకు కనపడలేదు, అంతే.

మన పొలాల్లో జరిగేది

ఇప్పుడీ లెక్కను పంపుసెట్ల దగ్గరికి తీసుకుపోదాం. 5 హెచ్.పి. మోటారు పొలాల్లో పూర్తి లోడు మీద తీసుకునేది సుమారు 4.7 కిలోవాట్లు. పవర్ ఫాక్టరు 0.8 అనుకుంటే 5.8 కె.వి.ఎ. ఈ లెక్కన 100 కె.వి.ఎ. మీద 17 మోటార్లు నడవాలి. తర్వాత తర్వాత బోర్లు పెరిగి 22 అయ్యాయనుకోండి, లోడు 128 కె.వి.ఎ. అంటే ఇంచుమించు మన 130 శాతమే.

సరఫరా గంటలు పరిమితంగా ఉన్నచోట కరెంటు రాగానే అందరికీ ఒకేసారి నీళ్ళు కావాలి. ఆటోస్టార్టర్లు ఉంటే 22 మోటార్లూ ఒకే క్షణాన లేస్తాయి. లేచేటప్పుడు మోటారు తీసుకునే కరెంటు మామూలుకు ఐదారు రెట్లు. వోల్టేజి పడిపోతుంది, పడిపోయిన వోల్టేజి మీద అదే నీరు తోడడానికి మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు ఆటోస్టార్టర్లు తీసెయ్యమని రైతులను కోరింది ఇందుకే. రోజంతా కరెంటు ఉన్నప్పుడు అందరూ ఒకేసారి వెయ్యవలసిన అవసరం లేదు. కాని ఆటోస్టార్టరు ఉంటే మోటారు ఆగదు, నూనెకు తెరిపి దొరకదు.

కాలిపోతే ఏమవుతుందో పల్లె నుంచి వచ్చిన విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. కొత్తది వచ్చి బిగించేదాకా మడి ఎండుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో వరి పొట్ట మీద ఉన్నప్పుడు నాలుగు రోజులు నీళ్ళు లేకపోతే ఆ నష్టం ఏ నేమ్‌ప్లేటు మీదా కనపడదు.

ఏం చెయ్యవచ్చు?

మొదటిది కెపాసిటర్లు. పవర్ ఫాక్టరు 0.8 నుంచి 0.95కు పెంచితే ఒక్కొక్క మోటారు 5.8కి బదులు 4.9 కె.వి.ఎ. మాత్రమే తీసుకుంటుంది. అదే 22 మోటార్లకు 128 పోయి 108 అవుతుంది. నీటిబొట్టు తగ్గకుండా 20 కె.వి.ఎ. దించిన పని ఇది.

రెండోది వంతులు. కెపాసిటర్లు లేకుండా ఒకసారికి 16 మోటార్లు నడిపితే 93 కె.వి.ఎ. 9 గంటల సరఫరాలో ఒక్కొక్కరికి ఆరున్నర గంటలు దక్కుతాయి. కెపాసిటర్లు పెట్టుకుంటే 20 మోటార్లు ఒకేసారి నడిచినా 98 కె.వి.ఎ.; అంటే వంతుకు ఇద్దరు ఆగితే చాలు. "నా మోటారెందుకు ఆపాలె?" అని ఎవరైనా అంటే ఈ రెండు అంకెలు చూపించవచ్చు. చెరువు నీళ్ళకు వంతులు పెట్టుకున్న ఊళ్ళకు ఇది కొత్త పద్ధతి కాదు.

మూడోది నూనె. నూనె మట్టం గొట్టాల పైమూతి కంటే కిందికి దిగితే నూనె తిరగడం ఆగిపోతుంది. అప్పుడు పై లెక్కలేవీ పనిచెయ్యవు, పూర్తి లోడే ఓవర్‌లోడవుతుంది. బ్రీదరులో సిలికా జెల్ నీలంగా ఉండాలి. ట్రాన్స్‌ఫార్మరు చల్లబడేటప్పుడు నూనె ముడుచుకుని బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. సిలికా జెల్ గులాబి రంగుకు తిరిగి ఉంటే ఆ గాలితోపాటు తేమ కూడా పోతుంది. తేమ తగిలిన కాగితం ఇంకా త్వరగా ముసలిదవుతుంది.

నాలుగోది ఫ్యూజు. లెక్క ప్రకారం ఉండవలసిన తీగకు బదులు కండక్టరు పోగులు మెలిపెట్టి కడితే ఫ్యూజు పోదు గాని ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. ఆ పని చెయ్యడానికి దిమ్మె ఎక్కి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. "పైన నీళ్ళు పోస్తే చల్లబడదా?" అని కూడా నన్ను అడిగారు. ఎప్పుడూ చెయ్యకూడదు. బుషింగుల మీద పదకొండు వేల వోల్టులుంటాయి.

విద్యార్థి మిత్రులకు మనవి

పై అంకెలు ఒక ఉదాహరణకు వేసినవి. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మరుకు అవి అచ్చంగా సరిపోవాలని లేదు. కాని పద్ధతి సరిపోతుంది. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ పొలం ట్రాన్స్‌ఫార్మరు కింద ఎన్ని మోటార్లున్నాయో, ఏవి ఎన్ని హెచ్.పి.వో, ఎందరికి కెపాసిటర్లున్నాయో కంచె బయటి నుంచే విచారించి ఒక కాగితం మీద రాయండి. ఏ గంట నుంచి ఏ గంట వరకు ఎన్ని నడుస్తున్నాయో గీత గీయండి. లైన్‌మన్ గారిని అడిగితే టాంగ్ టెస్టరుతో ఆంపియర్లు చూసి చెబుతాడు. దానితో నూనె వేడి గంట గంటకూ ఎలా ఎక్కి దిగుతుందో లెక్కించడం మూడో సంవత్సరం విద్యార్థికి ఒక సాయంత్రం పని.

ఆ గీతను మీ నాన్నగారికి, మీ బాబాయిలకు, పక్క పొలం రైతులకు చూపించండి. పరీక్షలో ఈ లెక్కకు పది మార్కులు రావచ్చు, రాకపోవచ్చు. కాని ఆ గీతలో లోడు దిగే గంటలు లేకపోతే, ఎండలు ముదిరేలోపల ఊరివాళ్ళు నలుగురూ కూర్చుని వంతులు మాట్లాడుకోవలసిన అవసరం ఉన్నదన్నమాట.